వెనక బ్రేకులు అరిగాయంటే సెట్ మొత్తం మార్చాలా? మీరే చూసి తేల్చుకోవడం ఎలా

కారు సర్వీసింగ్‌కి ఇచ్చిన రోజు మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. “సార్, వెనక బ్రేకులు పూర్తిగా పోయాయి. షూలు, డ్రమ్ములు, వీల్ సిలిండర్లు అన్నీ మార్చాలి. చేసేయమంటారా?” బ్రేకుల మాట వినగానే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. పిల్లలు ఎక్కే బండి కాబట్టి వద్దనడానికి నోరు రాదు. సరేనంటే బిల్లు ఎక్కడ ఆగుతుందో తెలియదు.

ఆల్టో, వ్యాగన్ఆర్, స్విఫ్ట్, ఐ10, టియాగో లాంటి చిన్న కార్లలో ముందు చక్రాలకు డిస్కులు, వెనక చక్రాలకు డ్రమ్ములు ఉంటాయి. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె లాంటిది. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి లోపలున్న వీల్ సిలిండర్, వంపు తిరిగిన రెండు షూలని దాని గోడకి నొక్కుతుంది. ఇక్కడ ఎక్కువగా చెప్పేది ఆ వెనక డ్రమ్ముల గురించే. వెనక కూడా డిస్కులున్న కార్ల సంగతి చివర్లో క్లుప్తంగా చూద్దాం.

డ్రమ్ బ్రేకులో అరగడానికని పెట్టిన భాగం ఒక్కటే, షూ మీద అంటించిన లైనింగ్ అనే గరుకు పొర. డ్రమ్ము దెబ్బతినేది లైనింగ్ అయిపోయాక కూడా బండి నడిపితే, లేదా మట్టి చేరితే. సిలిండర్ పోయేది లోపలి రబ్బర్లు ముదిరితే. హ్యాండ్ బ్రేక్ కేబుల్ పోయేది తుప్పుతో. ఒక దాని జబ్బు ఇంకో దానికి అంటుకోవాలని లేదు. అందుకే “మొత్తం మార్చాలా” అన్న దానికి ఒకే సమాధానం దొరకదు, ఒక్కో భాగాన్నీ విడిగా చూడాలి. ఒక్కో దానికీ ఒక కొలతో, కంటికి కనిపించే గుర్తో ఉంది.

చక్రం విప్పకముందే తెలిసేవి

ముందు హ్యాండ్ బ్రేక్ లాగి క్లిక్కులు లెక్కపెట్టండి. ఎన్ని రావాలో మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. అంతకంటే బాగా పైకి వస్తుంటే షూలు అరిగి ఉండొచ్చు, షూ–డ్రమ్ మధ్య గ్యాప్‌ని సరిచేసే అడ్జస్టర్ పట్టేసి ఉండొచ్చు, కేబుల్ సాగి ఉండొచ్చు. చాలా షెడ్లలో ఈ మూడింటికీ ఒకటే వైద్యం: లివర్ కింద నట్టు తిప్పి కేబుల్ బిగించేస్తారు. రెండు నిమిషాల పని, హ్యాండ్ బ్రేక్ గట్టిగా పడుతుంది, అందరూ హ్యాపీ. ఇది తప్పు పద్ధతి. కేబుల్ అలా లాగి పెడితే లోపల షూకి ఉన్న లివర్ పూర్తిగా వెనక్కి వెళ్లదు, దాంతో అడ్జస్టర్ తనంతట తాను పని చేయడం మానేస్తుంది. ముందు షూ గ్యాప్ సరిచేయాలి, ఆ తర్వాతే కేబుల్ జోలికి వెళ్లాలి. మీ బండికి ఈమధ్య ఎవరైనా కేబుల్ బిగించి ఉంటే హ్యాండ్ బ్రేక్ చెప్పేది నమ్మకండి.

తర్వాత పెడల్. ఇంజిన్ ఆన్ చేసి ఒకసారి తొక్కితే లోతుగా వెళ్లి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే ఆగుతుందంటే షూలకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ ఎక్కువైనట్టు. స్పాంజి తొక్కినట్టు మెత్తగా ఉంటే బ్రేక్ ఆయిల్ వెళ్లే లైన్‌లో గాలి చేరింది. గట్టిగా తొక్కి పట్టుకుంటే పెడల్ నెమ్మదిగా కిందికి దిగిపోతూ ఉంటే అది షూల సమస్య కాదు. ఎక్కడో బ్రేక్ ఆయిల్ లీకవుతోంది, లేదా పెడల్ నుంచి ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ పోతోంది. ఈ మూడోది కనిపిస్తే ఇక్కడ చదవడం ఆపి మెకానిక్‌ని ఇంటికే పిలవండి. బండి తోలుకుంటూ వెళ్లొద్దు.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ముందు డిస్కుల్ని పట్టే ప్యాడ్లు, వెనక షూలు అరిగేకొద్దీ నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం మామూలే. పోయిన నెల పై గీత దగ్గరున్నది ఈ నెల కింది గీతకి వచ్చిందంటే మాత్రం లీకు ఉంది. అప్పుడు వంగి వెనక టైర్ల లోపలి వైపు టార్చి వేసి చూడండి. చక్రం వెనకాల ఉండే రేకు కింది అంచున, టైరు లోపలి గోడ మీద తడి చార కనిపిస్తే ఆయిల్ డ్రమ్ములోంచే వస్తోంది.

శబ్దం విషయానికొస్తే, రాత్రంతా వాన పడి తెల్లారి బండి తీయగానే మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమంటే కంగారు పడకండి. డ్రమ్ము లోపల పట్టిన పల్చటి తుప్పు అది, నాలుగు వీధులు తిరిగేసరికి పోతుంది. రోజంతా, ప్రతి బ్రేకుకీ ఇనుముతో ఇనుము రాసినట్టు వస్తే లైనింగ్ అయిపోయినట్టే. బ్రేక్ వేసినప్పుడు పెడల్ కాలి కింద లయగా కొట్టుకుంటే డ్రమ్ము గానీ ముందు డిస్కు గానీ గుండ్రతనం తప్పింది.

ఇంకొకటి ఉంది, చాలామంది చేయరు. పెద్దగా బ్రేకులు వేసే పని లేని రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి, ఆపి, రెండు వెనక చక్రాల మధ్యభాగం దగ్గరికి చెయ్యి పోనివ్వండి. తాకొద్దు, దగ్గరగా పెడితే చాలు. ఒకటి సెగలు కక్కుతూ రెండోది మామూలుగా ఉంటే వేడిగా ఉన్న వైపు షూ డ్రమ్ముని వదలడం లేదు.

జాకీ ఎత్తడం

చదునైన గట్టి నేల కావాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్ దిగే ర్యాంపు పనికిరాదు. డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్ బ్రేక్ దించి ఉంచాలి. అంటే బండిని ఆపేది మీరు ముందు చక్రాలకి పెట్టే అడ్డు మాత్రమే. రెండు ముందు చక్రాలకీ ముందూ వెనకా చెక్క ముక్కలో పెద్ద రాళ్లో గట్టిగా పెట్టి, బండిని మొదటి గేరులో ఉంచండి. వీల్ నట్లు చక్రం నేల మీద ఉన్నప్పుడే కొంచెం వదులు చేసి, ఆ తర్వాత ఎత్తండి.

ఎత్తాక జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. కింద స్టాండ్ పెట్టాలి. ఇటుకల మీద బండిని నిలబెట్టడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, బరువు పడితే ఇటుక చెప్పకుండా పగులుతుంది. స్టాండ్ లేకపోతే మీరు చేయాల్సింది ఇక్కడిదాకానే, మిగతాది షెడ్డులో పక్కన నిలబడి చూడండి. నిజానికి అదే చాలామందికి సుఖం. విప్పింది ఎవరైనా, చూడాల్సింది ఏమిటో మీకు తెలిస్తే చాలు.

డ్రమ్ము ఊడదీయడం

కొన్ని కార్లలో డ్రమ్ము, చక్రం బిగించే మధ్య భాగమైన హబ్ మీద తొడిగినట్టు ఉంటుంది, ఒకటి రెండు చిన్న స్క్రూలు తీస్తే వచ్చేస్తుంది. కొన్నింట్లో వీల్ బేరింగ్ డ్రమ్ములోనే ఉంటుంది. వాటికి మధ్యలో గ్రీజు మూత తీసి పెద్ద నట్టు విప్పాలి. అలాంటి నట్లలో చాలా వాటిని మళ్లీ వాడకూడదు, కొత్తది వేసి కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. మీ కారు ఈ రెండో రకమైతే ఇంట్లో ప్రయత్నించకండి.

తొడిగిన రకం కూడా తుప్పుకి అతుక్కుపోయి ఉండొచ్చు. సుత్తితో అంచు మీద మోదితే ముక్క విరుగుతుంది, పోత ఇనుము కదా. డ్రమ్ము ముఖం మీద రెండు మరల రంధ్రాలు కనిపిస్తే అవి ఇందుకోసమే. వాటిలో సరిపోయే రెండు బోల్టులు పెట్టి, దీనికో అరచుట్టు దానికో అరచుట్టు తిప్పుతూ పోతే డ్రమ్ము తనంతట తనే బయటికి జరుగుతుంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ (బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి కాబట్టి వెనక చక్రం దగ్గర సెన్సార్ వైరు కూడా ఉండొచ్చు. అది తెగకుండా చూసుకోండి.

డ్రమ్ము తీయగానే నల్లటి పొడి రాలుతుంది. దాన్ని ఊదొద్దు, ఎయిర్ పైపు కొట్టొద్దు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఇప్పటి వాటి ధూళి కూడా ఊపిరితిత్తుల్లోకి పోయేదే. మాస్క్ పెట్టుకుని, బ్రేక్ క్లీనర్ స్ప్రేతో గానీ నీళ్లతో గానీ తడిపి గుడ్డతో తుడవండి. షెడ్లలో ఎయిర్ పైపుతో టపటపా కొట్టడం చూస్తూనే ఉంటాం. ఆ టైములో మీరు నాలుగడుగులు దూరంగా ఉండండి, ఆ కుర్రాడికి కూడా ఒక మాట చెప్పండి.

డ్రమ్ము బయట ఉన్నంతసేపూ ఎవరినీ బ్రేక్ పెడల్ తొక్కనివ్వొద్దు. తొక్కితే సిలిండర్‌లోంచి పిస్టన్లు బయటికి వచ్చి ఆయిలంతా కారిపోతుంది. ఒక్కో వైపే విప్పండి, విప్పగానే ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ స్ప్రింగ్ ఎటు ఉందో గుర్తుండదు.

షూలు: ఎంత మిగిలింది, ఎలా అరిగింది

ప్రతి చక్రానికీ రెండు షూలు, ఎదురెదురుగా. ఇనుప రేకు మీద అంటించిన లైనింగ్ మందాన్ని మాత్రమే కొలవాలి, రేకుని కలపకూడదు. నిలువునా మధ్యలో ఎక్కువగానూ చివర్లలో తక్కువగానూ ఉండొచ్చు. అన్నిటికంటే పల్చగా ఉన్న చోటి కొలతే లెక్క.

చిన్న కార్లలో కొత్త లైనింగ్ దాదాపు 4 నుంచి 5 మి.మీ. ఉంటుంది. చాలా కంపెనీలు పెట్టిన హద్దు 1 మి.మీ. ఖచ్చితమైన అంకె మాన్యువల్‌లో చూసుకోండి. నా లెక్క ఏమిటంటే, 3 దాటి ఉంటే శుభ్రం చేసి మూసేయడమే. 2 నుంచి 3 మధ్య ఉంటే వచ్చే సర్వీసింగ్‌లో మళ్లీ చూడమని జాబ్ కార్డు మీద రాయించండి. 2 లోపుకి వచ్చాక ఇంకా లాగడంలో అర్థం లేదు, ఎందుకంటే విప్పడానికైన కూలి మళ్లీ ఇచ్చుకోవాలి. పాత జీపుల్లా లైనింగ్‌ని రివెట్లతో బిగించిన రకమైతే రివెట్ తల నుంచి పైకి కొలవాలి. తల డ్రమ్ముని తాకిందంటే గీత పడ్డట్టే.

మందం కంటే ఎక్కువ చెప్పేది అరిగిన తీరు. ఒకే చక్రంలో ముందువైపు షూ వెనకవైపు దానికంటే ఎక్కువ అరగడం సహజం. చక్రం తిరిగే దిశ దాన్ని డ్రమ్ములోకి లాక్కుంటుంది కాబట్టి ఎక్కువ పని అదే చేస్తుంది. దాన్ని చూపించి ఎవరైనా “ఏదో తేడా ఉంది సార్” అంటే పట్టించుకోకండి. కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ పెద్ద తేడా ఉంటే మాత్రం కారణం వెతకాలి. ఎక్కువ అరిగిన వైపు షూ వెనక్కి రావడం లేదు, లేదా తక్కువ అరిగిన వైపు సిలిండర్ పిస్టన్ కదలడం లేదు. ఆ కారణం తేల్చకుండా కొత్త షూలు వేస్తే అవీ అలాగే అరుగుతాయి.

లైనింగ్ అద్దంలా మెరుస్తుంటే వేడికి గట్టిపడిందని అర్థం. శ్రీశైలం ఘాట్, మారేడుమిల్లి లాంటి దారుల్లో చిన్న గేరు వేయకుండా బ్రేకుల మీదే దిగే బండ్లలో ఇది కనిపిస్తుంది. మందం బాగుండి పగుళ్లు లేకపోతే గరుకు కాగితంతో పైపొర తీసి వాడుకోవచ్చు. పగుళ్లు ఉన్నా, అంచులు పెచ్చులు లేస్తున్నా మార్చాల్సిందే.

ఇక ఆయిల్ గానీ గ్రీజు గానీ తాగిన లైనింగ్. దీని మందం 4 మి.మీ. ఉన్నా సరే, పారేయాలి. పెట్రోలుతో కడిగి, మంట మీద కాల్చి మళ్లీ బిగించే అలవాటు ఇంకా కొన్ని చోట్ల ఉంది. పైకి ఆరినట్టు కనిపిస్తుంది, బ్రేక్ వేడెక్కాక లోపలి నూనె మళ్లీ పైకి ఊరుతుంది. అప్పుడు ఆ చక్రం జారుతుంది, లేదా ఉన్నట్టుండి పట్టేస్తుంది. ఇందులో బేరం లేదు.

డ్రమ్ము: బిల్లు పెరిగేది ఇక్కడే

అనవసరంగా మార్పించే భాగాల్లో మొదటిది ఇదే. లోపలి గోడ మీద గీతలు చూపించి “ఇదిగో సార్, స్కోరింగ్ వచ్చింది” అంటారు. సన్నటి గీతలు లేని వాడిన డ్రమ్ము ఎక్కడా ఉండదు. గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరు జారిపోతే ఆ గీతలు లెక్కలోకి రావు. గోరు తట్టుకుని ఆగిపోతుంటే కొలవాల్సిన సమయం వచ్చింది.

కొలత ఎంత ఉండొచ్చో డ్రమ్ము మీదే పోత పోసి ఉంటుంది. తుప్పు గీకి చూస్తే ఇంగ్లిష్ అక్షరాల్లో మ్యాక్స్ డయా అనీ పక్కన ఒక అంకె కనిపిస్తుంది. లోపలి వ్యాసం అంతకు మించకూడదని దాని అర్థం. సాధారణంగా అది కొత్త డ్రమ్ము వ్యాసం కంటే 1 నుంచి 2 మి.మీ. ఎక్కువ. వాడిన డ్రమ్ము బయటి అంచున షూ తగలని చోట కంచం అంచులా చిన్న గట్టు మిగులుతుంది. దాని మీద వెర్నియర్ (మందం, వ్యాసం కొలిచే కొక్కాల స్కేలు) పెట్టి కొలిస్తే తప్పు అంకె వస్తుంది, గట్టు దాటి లోపల కొలవాలి. మామూలు వెర్నియర్ కొక్కాలు పొట్టివి కాబట్టి ఇంట్లో ఇది కుదరకపోవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ మీ ఊరి ఆటోనగర్‌లో గానీ డ్రమ్ము లోపలి గోడని మిషన్ మీద చెక్కి నున్నగా చేసే లేత్ షాపుకి వెళ్తే కొలిచి చెప్తారు. కనీసం మూడు దిక్కుల్లో కొలవమనండి. మూడు అంకెలూ కలవకపోతే గుండ్రతనం పోయింది, పెడల్ కొట్టుకునేది అందుకే.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణ. డ్రమ్ము మీద హద్దు 182 అని ఉంది, కొలిస్తే 180.6 వచ్చింది. గీతలు పోయేలా లేత్ మీద 0.6 తీస్తే 181.2 అవుతుంది. హద్దుకి ఇంకా 0.8 మిగిలింది, కాబట్టి లేత్ పట్టించి వాడుకోవచ్చు. అదే డ్రమ్ము ముందే 181.5 ఉంటే, గీతలు పోయేసరికి 182 దాటుతుంది. దాటకపోయినా కొత్త షూలతో ఇంకా అరగడానికి చోటు ఉండదు. అది కొత్తది కొనాల్సిన డ్రమ్ము. ఒక వైపు లేత్ పట్టిస్తే రెండో వైపు కూడా అదే వ్యాసానికి తేవాలి, లేకపోతే రెండు వైపులా బ్రేకు ఒకేలా పడదు.

కొలతతో పని లేకుండా పారేయాల్సిన డ్రమ్ములు రెండు రకాలు. ఒకటి, ఎక్కడైనా చీలిక కనిపించింది. గోడ మీద వెంట్రుకలంత సన్నటి గీతలు అల్లుకుని ఉంటే అవి వేడికి వచ్చినవి, లేత్ పడితే పోవచ్చు. అంచు దాకా వెళ్లిన చీలిక మాత్రం పోదు. రెండు, నీలం రంగు మచ్చలు పడి, ఆ చోట ఇనుము గట్టిపడింది. లేత్ పట్టినా అవి మళ్లీ ఉబ్బెత్తుగా తేలుతాయి.

వీల్ సిలిండర్: ఇక్కడ మాత్రం డబ్బు చూసుకోకండి

షూల పైభాగంలో, రెండింటి మధ్య అడ్డంగా ఉండే చిన్న గొట్టం ఇది. రెండు చివర్లా రబ్బరు టోపీలు ఉంటాయి. మొద్దు స్క్రూడ్రైవర్‌తో ఒక టోపీ అంచు నెమ్మదిగా ఎత్తి చూడండి. లోపల పొడిగా ఉంటే బాగున్నట్టు. లేత చెమ్మ ఉంటే గుర్తు పెట్టుకుని త్వరలో మళ్లీ చూడాలి. ఎత్తగానే ఆయిల్ బొట్టుగా కారిందంటే ఆ సిలిండర్ పని అయిపోయింది.

కారిన సిలిండర్‌కి లోపలి రబ్బరు కిట్ మాత్రం మార్చి నెట్టుకొచ్చే పద్ధతి ఉంది. గొట్టం లోపల నున్నగా ఉంటే అది పని చేస్తుంది. తుప్పు గుంటలు పడి ఉంటే కొత్త రబ్బర్లు కూడా కొన్నాళ్లకే కోసుకుపోతాయి. చిన్న కార్ల సిలిండర్ ధర, మళ్లీ విప్పే కూలి, కొత్త షూలు మళ్లీ ఆయిల్‌లో తడిస్తే వచ్చే నష్టం కలిపి చూస్తే, సిలిండర్ మొత్తంగా మార్చడమే లాభం. ఒక వైపు కారితే రెండో వైపుదీ అదే వయసు కాబట్టి రెండూ మార్చడం తెలివైన పని.

సిలిండర్ మార్చినప్పుడు లైన్ తెరుస్తారు కాబట్టి గాలి తీయాలి. ఎటూ తీస్తున్నారు కదా, పాత బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చేయించండి. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి అదే పోయించండి. కేవలం షూలు మార్చితే లైన్ తెరవరు, గాలి తీయాల్సిన పని ఉండదు. బిల్లులో అది కనిపిస్తే ఎందుకని అడగండి.

చిల్లర సామాన్లు

స్ప్రింగుల రంగు వేడికి మారినా, చుట్ల మధ్య ఎడం పెరిగినా మార్చండి. షూలు మార్చేటప్పుడే స్ప్రింగ్ కిట్ కూడా వేయించుకుంటే మంచిది, పెద్ద ఖర్చు కాదు. అడ్జస్టర్ మరలు చేత్తో తిరగాలి. తుప్పు పట్టి ఉంటే శుభ్రం చేసి కొంచెం గ్రీజు రాస్తే చాలు, కొత్తది అక్కర్లేదు. మరలున్న రకంలో కుడివైపుది ఎడమవైపు వేయకూడదు, మరల దిశ వేరు.

కేబుల్ చూడాలంటే లోపల ఒకరు హ్యాండ్ బ్రేక్ రెండు మూడు క్లిక్కులు లాగి వదలాలి, మీరు షూ వెనక ఉన్న లివర్ని గమనించాలి. వదలగానే టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే, అసలు రాకపోతే, కేబుల్ తొడుగులో తుప్పు పట్టింది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు బండ్లలో ఉప్పుగాలి వల్ల, హైదరాబాద్‌లో వానాకాలం మోకాటిలోతు నీళ్లలో నడిపిన బండ్లలో ఇది మామూలు. ఒక చక్రం ఉత్తినే వేడెక్కడానికి తరచుగా కారణం ఇదే. షూలు మార్చి దీన్ని వదిలేస్తే డబ్బు దండగ.

ఇప్పుడు తేల్చండి

లైనింగ్ పల్చబడింది, డ్రమ్ము నున్నగా ఉంది, సిలిండర్ పొడిగా ఉంది. ఎక్కువ బండ్లు ఈ కోవలోకే వస్తాయి. రెండు వైపులా షూలు, స్ప్రింగ్ కిట్, అంతే. ఒక వైపే మార్చడం మాత్రం ఎప్పుడూ వద్దు, బ్రేక్ వేస్తే బండి పక్కకి లాగుతుంది.

ఇనుము ఇనుము రాసుకునేదాకా నడిపారు. షూలు తప్పవు, డ్రమ్ము సంగతి కొలత చెప్తుంది. కొలవకముందే కొత్త డ్రమ్ములకి ఒప్పుకోకండి.

ఆయిల్ కారింది. సిలిండర్లు, షూలు రెండు వైపులా మార్చాలి. డ్రమ్ముకి ఆయిల్ అంటితే కడిగితే పోతుంది, దాన్ని మార్చాల్సిన పని లేదు. ఈ సందర్భంలోనే మూడూ కలిపి అంటగట్టడం ఎక్కువ.

సెట్ మొత్తం నిజంగానే మార్చాల్సిన బండ్లు కూడా ఉన్నాయి. వరదలో మునిగినవి, విదేశాలకి వెళ్లినవాళ్లు ఏడాది పైగా సెల్లార్‌లో హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేసినవి, తీర ప్రాంతంలో పదేళ్లు తిరిగినవి. వీటిలో డ్రమ్ము గుంటలు పడి, పిస్టన్లు బిగుసుకుని, కేబుల్ కదలకుండా, అన్నీ ఒకేసారి పోయి ఉంటాయి. అలాంటప్పుడు ఒక్కోటి రిపేరు చేయించుకుంటూ పోతే కూలికే ఎక్కువవుతుంది, మొత్తం మార్చేయండి.

ఫోన్‌లో ఏం అడగాలి

మీరు షెడ్డు దగ్గర లేకపోతే గొడవ పడక్కర్లేదు. “అన్నా, లైనింగ్ ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది? డ్రమ్ము మీద హద్దు ఎంతుంది, కొలిస్తే ఎంతొచ్చింది? సిలిండర్ టోపీ ఎత్తి ఒక వీడియో పంపవా?” అని అడగండి. నిజంగా చూసినవాడు వెంటనే చెప్తాడు, వీడియో కూడా పంపుతాడు. “కొలవక్కర్లేదు సార్, చూస్తేనే తెలుస్తుంది” అంటే షూల వరకే ఒప్పుకుని, డ్రమ్ములు మీరు వచ్చి చూసేదాకా ఆపమనండి. పాత సామాను డిక్కీలో పెట్టమని ముందే చెప్పండి. ఈ ఒక్క మాటకే కొన్ని ఎస్టిమేట్లు తగ్గడం చూశాను.

వెనక డిస్కులున్న కార్లకి

పని తేలిక, చక్రం తీస్తే అన్నీ కనిపిస్తాయి. ప్యాడ్ మీద లైనింగ్ 3 మి.మీ.కి వస్తే మార్చే ఏర్పాటు చేసుకోండి, 2కి రాకముందే మార్చేయండి. లోపలి ప్యాడ్‌ని తప్పకుండా చూడాలి. బయటిది బాగుండి లోపలిది అయిపోయిందంటే ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ జారే పిన్నులు పట్టేసి ఉండొచ్చు. వాటిని శుభ్రం చేసి, రబ్బరుకి పడే సిలికాన్ గ్రీజు రాయాలి. డిస్కు మీద కూడా కనీస మందం అంకె ఉంటుంది, అంతకంటే పల్చబడితేనే కొత్తది. బటన్ నొక్కితే పడే పార్కింగ్ బ్రేక్ ఉన్న కార్లలో, స్కానర్‌తో (కారు కంప్యూటర్‌కి తగిలించే పరికరంతో) గానీ కంపెనీ చెప్పిన పద్ధతిలో గానీ సర్వీస్ మోడ్‌లో పెట్టకుండా పిస్టన్‌ని వెనక్కి నొక్కితే మోటారు పాడవుతుంది. స్కానర్ లేని షెడ్డులో ఆ పని చేయించొద్దు.

బిగించాక

బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. వెనక చక్రం పైకెత్తి ఉండగా చేత్తో తిప్పితే లైనింగ్ లేతగా రాస్తున్న చప్పుడు వినిపించాలి, చక్రం మాత్రం ఆగకూడదు. ఖాళీ రోడ్డు మీద 20 వేగంలో బ్రేక్ వేసి పక్కకి లాగడం లేదని చూశాకే ట్రాఫిక్‌లోకి వెళ్లండి. కొత్త షూలు డ్రమ్ముకి పూర్తిగా ఒదగడానికి రెండు మూడు వందల కిలోమీటర్లు పడుతుంది, అప్పటిదాకా ఘాట్ రోడ్ల ప్రయాణం పెట్టుకోవద్దు. వారం తర్వాత హ్యాండ్ బ్రేక్ క్లిక్కులు మళ్లీ లెక్కపెట్టి, సిలిండర్ మార్పించి ఉంటే టైరు లోపలి వైపు ఇంకోసారి టార్చి వేసి చూడండి.